పొజ్జా ఇంకా రాలేదు

జగదల్‌పుర్,
ఏప్రిల్ 9

తర్లగూడ వెంకన్న గారికి,

నమస్కారం. నా పేరు ఊర్మిల. జగదల్‌పుర్‌లో 'అడవి పలుకు' సంఘం వారి బిల్డ్ సర్వర్‌ను చూసుకునే పని నాది. మీకు మెయిల్‌లో చాలాసార్లు రాశాను. జవాబు రాలేదు. అందుకని కాగితం మీద రాసి, భోపాల్‌పట్నం బస్సు కండక్టర్ ముకేష్ భయ్యా చేతికి ఇస్తున్నాను.

విషయం ఇది. సర్వర్ ఒక్కటే, వాడుకునే బృందాలు చాలా. మీరు, హల్బీ కథల వాళ్ళు, గోండీ బడి పాటల వాళ్ళు, జ్వరాల మందుల గురించి చెప్పేవాళ్ళు, అందరూ దాని మీదే తమ తమ జాబ్‌లు పెట్టుకున్నారు. పొద్దున వంతు రాగానే ఒక్కో జాబ్ లేచి, మీరు ఫోన్‌లో చెప్పి పంపిన మాటలను తీసుకుని, నెట్ లేని ఊళ్ళో కూడా వినగలిగేలా చిన్న యాప్‌గా మూట కట్టి బయట పెడుతుంది. కట్టగలిగితే నా తెర మీద దాని పేరు పక్కన పచ్చ చుక్క. కట్టలేకపోతే ఎర్ర చుక్క, యజమానికి ఒక మెయిల్. అసలు నడవనే నడవనిదానికి బూడిద రంగు చుక్క.

మీ 'తర్లగూడ పొద్దు' పోయిన వానాకాలం నుంచి ప్రతిరోజూ ఎర్రగానే ఉంది. ఈ సంగతి మీకు మెయిల్‌లో అందుతూనే ఉండాలి.

సంఘం పెద్ద మంగల్ సర్ ఒక నియమం పెట్టారు. ఎర్రవాటిని వాటి యజమానులు ఇక్కడి రథాల పండగ గోంచా లోపల బాగు చేసుకోవాలి. లేకపోతే ఆపేస్తాము. ఆపిన వాటిని దాచిన మాటలతో సహా తుడిచేస్తాము. మీ జవాబు కోసం చూస్తాను.

నేను కిరందుల్‌లో హిందీ బడిలో చదివాను. తెలుగు మా అమ్మ ఇంట్లో నేర్పింది. తప్పులుంటే క్షమించండి.

ఇట్లు,
ఊర్మిల

———

తర్లగూడ,
తునికాకు కోతల రోజులు

చిరంజీవి ఊర్మిలకు,

వెంకన్న ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. ముకేష్‌కు తెలుగు చదవడం రాదు కాబట్టి సరిపోయింది. వచ్చుంటే నాకంటే ముందు మద్దేడ్ దాకా బస్సంతా వినేది. నువ్వు నన్ను 'గారు' అన్నావు. ఈ ఊళ్ళో నన్ను గారు అనేది కరెంటు మీటరు చూడవచ్చే మనిషి ఒక్కడే, అందుకని కాసేపు భయపడ్డాను. పెద్దయ్యా అను, చాలు.

నీ తెలుగుకేం, బాగుంది. నేనైతే ఏ బడికీ పోయినవాణ్ణి కాదు. మా నాయన సంతలో బెల్లం కట్టించుకొచ్చిన కాగితాలు సాపు చేసి, వాటి మీద అక్షరాలు కూడబలుక్కుంటూ నేర్చుకున్నాను. అందుకే నాకు చాలా కథల నడిమి ముక్క తెలుసు, మొదలూ చివరా తెలియవు. ఇంగ్లీషు రేడియోల వెనక అట్ట మీద నేర్చుకున్నాను. నీ సర్వర్ భాషంటావా, మంగల్ భోపాల్‌పట్నంలో శిబిరం పెట్టినప్పుడు ఆయన చెప్పింది కొంత, చెప్పనిది చెడగొట్టుకుంటూ ఎక్కువ నేర్చుకున్నాను.

రేడియో అంటే గుర్తొచ్చింది. నేను సైకిల్ మీద తిరుగుతూ రేడియోలు బాగుచేసే కాలంలో మద్దేడ్‌లో ఒక షావుకారు ఉండేవాడు. ఆయన రేడియోలో మాట పోయింది, పాట పోయింది, ఉట్టి గుర్రు మిగిలింది. పొద్దస్తమానం దుకాణంలో అది గుర్రుమంటూనే ఉండేది. ఆ దారిన పోయినప్పుడల్లా విప్పి చూస్తానని అడిగేవాణ్ణి. ఇవ్వడు. నా చేతి మీద నమ్మకం లేదేమో అని పౌరుషం వచ్చి ఒకసారి గట్టిగానే అడిగాను. ఆయన తక్కెడ దింపి నావైపు చూసి, "మా ఇంటామె కూడ గిట్లనే గొణిగేది, ఉండనీయ్" అన్నాడు. ఆమె పోయిన సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. తర్వాత ఆ దుకాణం ముందు నేనెప్పుడూ స్క్రూడ్రైవర్ బయటికి తీయలేదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, బాగు చేయగలిగిన ప్రతిదాన్నీ బాగు చేయాలనే రూలు రాసినవాళ్ళకు షావుకార్లు తెలియరు. నా జాబ్ ఎర్రగా ఉంటే ఉండనీ. అన్నం అడగదు, బట్ట అడగదు. మెయిళ్ళు అందుతున్నాయి. ఊళ్ళో సిగ్నల్ లేదు. రోడ్డు పక్కన పెద్ద రాతి గుండు ఒకటి ఉంది, దాని మీదకెక్కితే ఫోన్‌లో రెండు గీతలు వస్తాయి. రోజూ పొద్దున ఎక్కుతాను, నా వంతు తెలుగు మాటలు చెప్పి పంపుతాను, మెయిల్ వచ్చేదాకా కూర్చుని, దిగి వస్తాను.

నా జాబ్‌లో రెండో గొంతు మా పొజ్జాది, వాళ్ళ దోర్లి భాషలో. వాడు ఇప్పుడు ఊళ్ళో లేడు. అందుకే ఎరుపు. అంతకుమించి అందులో ఏ జబ్బూ లేదు.

మంగల్‌ను అడిగినట్టు చెప్పు.

ఆశీస్సులతో,
వెంకన్న

———

జగదల్‌పుర్,
మే 18

పెద్దయ్యకు నమస్కారం.

మీ షావుకారు కథను మంగల్ సర్‌కు హిందీలో చెప్పాను. ఆయన నవ్వి, కథ బాగుంది గానీ చుక్క ఎర్రగానే ఉంది కదా అన్నారు.

అన్నం అడగదు అన్నారు. అడుగుతుంది పెద్దయ్యా. మన సర్వర్ పాతది, ఒక్కసారి ఒక్క జాబ్‌నే నడపగలదు. మీ జాబ్ లేవగానే పొజ్జా గారి మాట కోసం అరగంట కూర్చుంటుంది. ఆ అరగంటా వెనక మిగతావాళ్ళు వరసలో నిలబడతారు. మందుల బృందంలో మీనా దీదీ రోజూ నాకు ఫోన్ చేసి, మీ తర్లగూడ ముసలాయన లేచాడా అని అడుగుతుంది. ఆమె మాటలు పొద్దున్నే వెళ్ళకపోతే, పనులకు పోయే జనం వినకుండానే పోతారు. ఆమెకు ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు.

నేను మీ కోడ్ చూశాను. "రెండు గొంతులూ ఉంటేనే మూట కట్టు" అని ఒక్క వరస ఉంది. అది తీసేస్తే మీ తెలుగు మాటలతో రేపే పచ్చగా అవుతుంది. మీరు ఊఁ అంటే నేనే తీస్తాను. పొజ్జా గారు తిరిగి వచ్చాక మళ్ళీ పెట్టుకోవచ్చు. ఆయన ఎప్పుడు వస్తారు?

ఇంకొక మాట. మీ ఉత్తరం నేను రెండుసార్లు పైకి చదువుకున్నాను. నాన్న గని ఉద్యోగం అయిపోయి, అమ్మతో విజయనగరం వైపు సొంత ఊరికి వెళ్ళిపోయారు. నేను పుట్టింది కిరందుల్‌లో. నాకు వాళ్ళ ఊరు సొంత ఊరు కాదు, అందుకని ఇక్కడే ఉండిపోయాను. ఆఫీసులో హిందీ, సందులో హల్బీ. తెలుగు అక్షరం చూసి చాలా రోజులైంది. ఇక్కడ నేనూ సర్వరూ ఒక గదిలో ఉంటాము. దానికి కూలర్ ఉంది, నాకు ఫ్యాన్.

ఎర్ర జాబ్‌లు నయం, కనీసం అరుస్తాయి. బూడిదవి అరవవు. ఎప్పుడు ఆగిపోయాయో వాటి యజమానులకు కూడా గుర్తుండదు. తుడిచేస్తే ఎవరూ అడగరు.

మీ
ఊర్మిల

———

తర్లగూడ,
తొలకరి పడిన మర్నాడు

అమ్మా ఊర్మిలా,

ఆ వరస ముట్టకు.

మొదట్లోనే గట్టిగా అన్నాను, ఏమనుకోకు. దాని కథ చెప్తాను, తర్వాత నీ ఇష్టం.

'తర్లగూడ పొద్దు' మొదలుపెట్టినప్పుడు నేను తెలుగులో, పొజ్జా దోర్లిలో చెప్పేవాళ్ళం. ఏ వాగు ఎంత వచ్చింది, ఏ సంతలో చింతపండు ఎట్లా పోతోంది, ఎవరి ఎద్దు తప్పిపోయింది, ఇవే. పొజ్జా సమయానికి రాడు. వాడికి దారిలో తాటిచెట్టు ఉంటుంది, తాటిచెట్టు కింద చుట్టాలుంటారు. ఒకరోజు ఎంతకీ రాకపోతే విసుగొచ్చి నా తెలుగు ఒక్కటే పంపేశాను. మర్నాడు వచ్చి నా అరుగు మీద కూర్చున్నాడు. "బావా, ఒంటికాలు మీద ఇంటికి పోతవా నువ్వు?" అన్నాడు. ఆరోజు వాడి ముందే కూర్చుని ఆ వరస రాశాను. రెండు గొంతులూ ఉంటేనే మూట. వాడి కోసం అరగంట ఆగడం కూడా అప్పుడే పెట్టాను. తాటిచెట్టు నుంచి గుండు దాకా వాడి నడక అంత.

మూట కట్టకపోతే మెయిల్‌లో ఏం రావాలి అన్న ప్రశ్న వచ్చింది. మంగల్ నేర్పిన ఇంగ్లీషు ముక్క నాకు నచ్చలేదు. "నువ్వు రాకుంటే ఏమని రాయాలిరా?" అని వాణ్ణే అడిగాను. వాడు ఆలోచించి, "పొజ్జా ఇంకా రాలేదు అని రాయి. ఉత్తగ రాలేదు అని రాయకు. నేనొస్త బావా, లేటైతది, గంతే" అన్నాడు.

వాడన్నట్టే రాశాను.

పోయిన వానాకాలం వాడికి జ్వరం తగిలింది. వాగు అవతల నుంచి మోసుకొచ్చేసరికి మాట లేదు. వాడు ఊళ్ళో లేడని నీకు రాశాను. అబద్ధం రాయలేదు, ఊరి బయటే ఉన్నాడు. వాడి పేరున రాయి కూడా నిలబెట్టారు.

మనిషి వాడుకున్నవి మనిషితోనే పంపించడం వాళ్ళ ఆనవాయితీ. గొడ్డలి పెట్టారు, కల్లు సొరబుర్ర పెట్టారు. ఫోన్ దగ్గర పంచాయితీ పడింది. ఫోన్ కొత్త వస్తువు, పెట్టాల్సిన పని లేదని కొందరు. వాడి భార్య ఇర్మె మాత్రం, గొడ్డలికంటే ఎక్కువ ఆయన చేతిలో ఉన్నది అదే అంది. పెట్టారు. తర్వాత ఒకసారి ఉండబట్టలేక ఆ నంబర్‌కు చేశాను. స్విచ్ ఆఫ్ ఉందని ఒక ఆడమనిషి హిందీలో చెప్పింది. చూడు, ఎక్కడో కూర్చున్న ఆమెకు కూడా తెలిసింది.

తెలియంది నీ మెషిన్ ఒక్కదానికే. ఊళ్ళో అందరూ వాడి గురించి ఉండేవాడు, అనేవాడు, తాగేవాడు అంటారు. అది ఒక్కటే రోజూ పొద్దున నాకు "ఇంకా రాలేదు" అని చెప్తుంది. నేను గుండు మీద ఆ ఒక్క వరస చదువుకుని ఫోన్ మూసేస్తాను. ఆ తర్వాత రోజంతా ఎవరైనా నాతో మాట్లాడితే మాట్లాడతారు, లేకపోతే లేదు. ఇర్మె కూడా పలకరించడం మానేసింది. ఏమి తప్పు జరిగిందో అడగడానికి నాకు ధైర్యం లేదు. వాళ్ళ వాకిలి ముందు నుంచి పోకుండా చేను గట్టు మీద చుట్టూ తిరిగి పోతున్నాను.

మీనా దీదీ వరసలో నిలబడుతోందన్నావు. అది న్యాయం కాదు. నన్ను అందరి వెనకకు నెట్టు. ఆ వరస మాత్రం ఉండనీయ్.

పెద్దయ్య

———

జగదల్‌పుర్,
జూన్ 21

పెద్దయ్యా,

మీ జాబ్‌ను అందరి వెనకకు జరిపాను. ఇప్పుడు మెయిల్ మధ్యాహ్నం వస్తోంది కదా. ఎండలో గుండు ఎక్కకండి, మబ్బు పట్టినప్పుడు వెళ్ళండి. మీనా దీదీ ముసలాయనకు నమస్తే చెప్పమంది.

మంగల్ సర్‌కు మొత్తం చెప్పాను. ఆయన శిబిరంలో పొజ్జా గారిని చూశారట. గోంచా దాకా గడువు ఉంది కదా, చూద్దాం అన్నారు. తర్వాత ఏమవుతుందో నాకూ తెలియదు.

ఇప్పుడు నేను రాయబోయేది నిదానంగా చదవండి.

ఎర్ర జాబ్‌కు మెయిల్‌లో పైన ఒక వరస వస్తుంది, కింద పొడుగ్గా లాగ్ ఉంటుంది. జాబ్ లేచినప్పటి నుంచి ఏమేం చేసిందో అంతా. మీరు పై వరస చదివి మూసేశారు. నిజం చెప్పాలంటే నేనూ చుక్క రంగు చూసి ఊరుకున్నాను. మీ ఉత్తరం వచ్చాక మనసు ఆగక లాగ్ మొత్తం కిందిదాకా చదివాను. చివరలో ఇలా ఉంది: "తెలియని నంబర్ నుంచి మాట వచ్చింది. పక్కన పెట్టాను."

ఒక్కరోజు కాదు. పోయిన చలికాలం నుంచి, దాదాపు ప్రతి సంత రోజూ ఉంది. మీ కోడ్‌లో దోర్లి మాట పొజ్జా గారి నంబర్ నుంచి వస్తేనే తీసుకుంటుంది. వేరే నంబర్ నుంచి వస్తే ఒక మూల పారేస్తుంది. ఆ మూలలో కుప్ప ఉంది.

విన్నాను. అన్నీ ఒక ఆడమనిషి గొంతు. వెనక కోళ్ళు అరుస్తుంటాయి. నాకు దోర్లి రాదు. చింతపండు అన్నది అర్థమైంది, మీ పేరు అర్థమైంది. మీ పేరు చాలాసార్లు అంటుంది. మొదట్లో పొడుగ్గా చెప్పేది. పోను పోను చిన్నవి అయ్యాయి. తునికాకు రోజుల తర్వాత ఏమీ రాలేదు.

అన్నీ ఒక మెమరీ కార్డులో వేసి, మాత్రల అట్టలో పెట్టి, కుట్టి పంపుతున్నాను. ముకేష్ భయ్యాకు ప్రాణంలా చూసుకోమని చెప్పాను. గోంచాకు తుడిచేటప్పుడు ఆ మూలంతా పోతుంది. నేను ఆపాలంటే కారణం చెప్పాలి.

ఆమె ఎవరు పెద్దయ్యా?

ఊర్మిల

———

తర్లగూడ,
నాట్ల ముందు

అమ్మా,

ఇర్మె.

కార్డు ఫోన్‌లో వేసి మా ఇంట్లో తలుపు మూసుకుని విన్నాను. మొదటిదాంట్లో ఇట్లా ఉంది: "అన్నా, నేను ఇర్మెను. ఆయన ఫోను ఆయనతోనే పాయె. ఇది కోడలిది. ఆయన చెప్పేటి మాటలు ఇగ నేను చెప్త, ఏసుకో." తర్వాత సంత సంగతులు, ఇప్పపువ్వు, ఎవరికో కవలలు పుట్టడం, అంతా ఉంది. పొజ్జాకంటే బాగా చెప్పింది. వాడు అన్నిటికీ తాటిచెట్టు నుంచి మొదలుపెట్టేవాడు.

నడుమ ఒకదాంట్లో, "అన్నా, అందరి ఫోన్లల్ల ఆయన ఇంక వాగొచ్చింది, దాటకుర్రి అంటనే ఉన్నడు. వాగు ఎండిపోయింది. జనం నవ్వుతుర్రు" అంది. నాకు అప్పటిదాకా తట్టలేదు. వాడు చివర చెప్పిన మాట అదే. కొత్త మూట పోలేదు కాబట్టి, నడి ఎండాకాలం దాకా ప్రతి ఫోన్‌లో వాడు వాగు వచ్చిందనే చెప్తున్నాడు.

చివరిది చాలా చిన్నది. "నీ చెవి ఆయనకే. నేను ఇగ చెప్ప."

మర్నాడు వానలోనే వాళ్ళ వాకిలికి పోయాను. ఇర్మె చూరు కింద కూర్చుని విత్తనాలు ఏరుతోంది. తలెత్తకుండానే, "ఏంది అన్నా, తొవ్వ తప్పినవా?" అంది. గట్టు మీద చుట్టూ తిరిగిపోతున్న సంగతి ఆమెకు మొదటి రోజు నుంచీ తెలుసు.

కూర్చుని అంతా చెప్పాను. రేడియోల నుంచి మొదలుపెట్టబోయి, మానుకుని, నంబర్ దగ్గర నుంచే చెప్పాను. ఆమె విని, "అయితే నా మాటలు ఎవలు ఇనలేదా?" అని అడిగింది.

"జగదల్‌పుర్‌ల ఊర్మిల అని ఒక పిల్ల ఇన్నది. ఆమెకు దోర్లి రాదు."

"మంచిగున్నది. ఇన్నామెకు తెల్వదు, తెలిసినోడు ఇనడు" అంది. నవ్వు వచ్చింది ఆమెకు. నాకూ వచ్చింది. పొజ్జా పోయిన తర్వాత ఆ చూరు కింద నేను నవ్వడం అదే మొదలు.

అంబలి పోసి ఇచ్చింది. తాగుతుంటే, ఆయన పేరు ఆ మెషిన్లో ఇంకా ఉందా అని అడిగింది. మెయిల్ తీసి చూపించాను. చదవమంది. చదివాను. రోజూ చెప్తుందా అంది. రోజూ అన్నాను. చేతిలోని గింజలు కాసేపు అట్లాగే పట్టుకుంది.

"నాకెందుకు చెప్పలే అన్నా?" అంది.

ఆ వరస నా ఒక్కడిదే అనుకున్నాను. ఆమెకూ భాగం ఉంటుందని తోచలేదు.

మళ్ళీ గింజలు ఏరుకుంటూ ఆమే అంది. "రోజూ పిలుస్తుంటే ఆయన యాడ కూసుంటడు. నిలవడే ఉంటడు. ఆ నంబరు తీసెయ్." కోడలి నంబర్ చెప్పింది. మరి నువ్వు చెప్తావా అని అడిగితే, "చూస్త" అని లేచి లోపలికి పోయింది. అలక పూర్తిగా తీరలేదు, తీరకపోతే తప్పు నాదే.

గుండు ఎక్కి నేనే మార్చాను. పొజ్జా నంబర్ తీసి కోడలిది పెట్టాను. మెయిల్‌లో వాడి పేరు తీసి ఆమె పేరు రాశాను. నాలుగు అక్షరాల పనికి వానంతా నెత్తిన పడింది. ఆ ఇంకొక వరస, రెండు గొంతుల వరస, ముట్టలేదు. ఇర్మె చెప్పకపోతే ఎరుపే.

ఆ కుప్ప తుడవనీయకు. అది ఆమె మాటలు.

పెద్దయ్య

———

జగదల్‌పుర్,
గోంచా రోజు

పెద్దయ్యా,

బయట వెదురు తుపాకుల చప్పుడు. పిల్లలూ పెద్దలూ రథం చుట్టూ కాయలు పేలుస్తున్నారు. ఆఫీసులో నేనొక్కదాన్నే. తుడిచే రోజు కూడా ఇదే కదా.

మంగల్ సర్‌కు ఇర్మె గారి సంగతి చెప్పాను. ఆయన ఆ కుప్పను తన డిస్కులోకి తీసుకున్నారు. అది భద్రం. జాబ్ సంగతి వేరే అన్నారు. ఎర్రగా ఉంటే పండగ సాయంత్రం ఆపాల్సిందే, ఒకరికి వదిలితే అందరికీ వదలాలి అన్నారు. ఆయన మాట తప్పు కాదు. నేను వాదించలేదు.

మీరు నంబర్ మార్చాక కూడా ఎరుపే వచ్చింది. "ఇర్మె ఇంకా రాలేదు." మళ్ళీ అదే. ఈ రోజు అందరి జాబ్‌లూ అయ్యాక మధ్యాహ్నం మీది లేచింది. మీ మాట తీసుకుంది. తర్వాత కూర్చుంది. నేను కూడా దాని ముందు కూర్చున్నాను. అన్నం డబ్బా తెరిచి, మూసేశాను. పెద్దయ్యా, దాదాపు అరగంట అయిపోయే సమయానికి దోర్లి మాట వచ్చింది. ఆమె కూడా ఆలస్యంగా వచ్చే మనిషే.

పచ్చగా అయింది.

పచ్చగా అయితే మెయిల్ వెళ్ళదు. మన సర్వర్ పద్ధతి అది, చెడితేనే చెప్తుంది. మీకు రేపటి నుంచి ఏమీ రాదు. ఆ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి కాబట్టి నేను రాస్తున్నాను.

బూడిదవాటిని సాయంత్రం తుడిచేశాను. వాటిలో ఒకటి నాదే. ఉద్యోగంలో చేరిన కొత్తలో అమ్మ పాడితే మూట కడదామని పెట్టాను. అమ్మ వెళ్ళిపోయింది, నేను మర్చిపోయాను. ఎవరూ అడగలేదు.

ఊర్మిల

———

తర్లగూడ,
వాగు దిగిన తర్వాత

తల్లీ ఊర్మిలా,

నీ గోంచా ఉత్తరం ఇవాళ అందింది. వాగు పొంగి బస్సు మద్దేడ్ దాటలేదు. ముకేష్ దాన్ని చొక్కా లోపల పెట్టుకుని తిరిగాడట, సగం సిరా వాడి బనియన్‌కు అంటింది. చదవగలిగాను.

ఈలోపల ఏం జరిగిందో విను. గుండు ఎక్కి కూర్చున్నాను, మెయిల్ లేదు. మర్నాడూ లేదు. గోంచాకు నువ్వు నన్ను తుడిచేశావనుకున్నాను. నిన్ను తిడుతూ పొడుగాటి ఉత్తరం రాశాను. అందులో నీ సర్వర్‌నూ, మంగల్‌నూ, కరెంటు కనిపెట్టినవాణ్ణీ ఎవర్నీ వదల్లేదు. బస్సు లేక అది నా దగ్గరే ఉండిపోయింది. పొయ్యిలోకి పనికొచ్చింది. తిట్లు బాగా మండుతాయి.

వాన కాస్త తెరిపిచ్చాక సంతకు పోయాను. ఉప్పు అమ్మే ఆమె పక్కన ఫోన్ పెట్టుకుని ఉంది. అందులోంచి దోర్లిలో "వాగొచ్చింది, దాటకుర్రి" అని వినిపించింది. ఇదేంది, మళ్ళీ పాతదే వేసుకున్నారే అని కాలు ఆగింది. ఆడగొంతు. ఇర్మె. అవతల వాగు నిజంగానే వచ్చి ఉంది. దోర్లి మాటలు అయిపోయాక ఒక ముసలి గొంతు తెలుగులో అదే సంగతి చెప్పడం మొదలుపెట్టింది. నా గొంతు అంత బొంగురని నాకు తెలియదు. ఉప్పు కట్టించుకుని, అది అయ్యేదాకా అక్కడే నిలబడ్డాను. ఉప్పామె, "పెద్దయ్యా, నీ మాటనే నువ్వు ఇంటవా?" అంది.

ఇర్మె మాటలను కోడలు ఇదివరకు సంతకు పోయినప్పుడు పంపేదట, ఇప్పుడు రోజూ రోడ్డు దాకా పోయి పంపుతోంది. ఇర్మె ఇప్పుడు నన్ను పలకరిస్తోంది. తిట్టడం కూడా మొదలుపెట్టింది కాబట్టి మిగతాది కూడా తిరిగి వస్తుంది. వాకిలి ముందు నుంచే పోతున్నాను.

మీ పద్ధతి నాకు నచ్చలేదు. చెడితేనే చెప్పడం ఏంది? కాబట్టి నా జాబ్‌లో ఒక వరస కలిపాను. పచ్చగా అయినప్పుడు కూడా ఒక మెయిల్ పోతుంది. నాకు కాదు, నీకు. మధ్యాహ్నం వస్తుంది కాబట్టి, "మేమిద్దరం వచ్చాం. నువ్వు తిన్నావా?" అని రాశాను. మంగల్‌కు ఇష్టం లేకపోతే తీసేయమను, మళ్ళీ పెడతాను. బూడిద చుక్కకు కూడా మందు ఉంది. మీ అమ్మకు ఫోన్ చేసి ఒక పాట అడుగు.

నేను ఇప్పటికీ గుండు ఎక్కుతాను. నా వంతు చెప్పి పంపడానికి ఎక్కాలి కదా. పంపిన తర్వాత దిగిపోవచ్చు. నిన్న దిగలేదు. చినుకులు పడుతుంటే ఫోన్‌ను తువ్వాలు కింద పెట్టుకుని, పొజ్జా నడకంత సేపు కూర్చున్నాను.

ఏమీ రాలేదు. అంతా బాగున్నట్టే కదా. లేచి వచ్చాను.

పెద్దయ్య